పికప్ బండికి చెక్క ర్యాకు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇప్పటికి మూడు ర్యాకులు కట్టాను. మొదటిది ఆరు వారాలు కూడా నిలవలేదు, దాని సంగతి జాయింట్ల దగ్గర చెప్తాను. తొట్టి మీద నాలుగు గుంజలు నిలబెట్టి పైన నిచ్చెనలు, పైపులు, చెక్కలు వేసుకునే మామూలు ర్యాకు గురించే ఇదంతా.

ఇనుముతో వెల్డింగ్ చేయించుకుంటే పోయేదానికి చెక్క ఎందుకు?

మీ దగ్గర వెల్డింగ్ మెషిన్ ఉండి, దాని మీద చేయి తిరిగి ఉంటే ఇనుమే కట్టుకోండి, నేనేం అనను. చెక్కతో ఉన్న సుఖం ఏంటంటే రంపం, డ్రిల్లు, ఉలి, మూలమట్టం, నాలుగు క్లాంపులు ఉంటే చాలు, రెండు ఆదివారాల్లో పనైపోతుంది. తర్వాత ఎప్పుడన్నా ఒక పట్టీ విరిగితే రెండు బోల్టులు విప్పి ఆ ఒక్కటీ మార్చుకోవచ్చు. పైన వేసిన సామాను గీసుకుపోదు, గతుకుల్లో ఇనుము మీద పైపులు మోగినట్టు మోగవు కూడా. ఇబ్బందులు రెండే: అదే బలానికి చెక్క కాస్త లావుగా ఉండాలి, నీళ్ల విషయంలో బద్ధకం పనికిరాదు.

ఎంత బరువు మోస్తుంది?

అందరూ మొదట అడిగేది ఇదే, నిజానికి మొదట అడగాల్సింది బండి ఎంత మోస్తుంది అని. బండి పేపర్లలోనో డోరు దగ్గర అంటించిన స్టిక్కర్ మీదో మొత్తం బరువు పరిమితి ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీ లెక్క, దాంట్లోనే ముందు కూర్చున్న మనుషులు, తొట్టిలో సామాను, ఈ ర్యాకు, ర్యాకు మీద సామాను అన్నీ సర్దుకోవాలి. ర్యాకు బరువు తేలిగ్గానే లెక్కేసుకోవచ్చు. 40 × 90 మి.మీ. చెక్క మొత్తం 16 మీటర్లు పట్టిందనుకోండి, అది 0.058 ఘనపు మీటర్లు. టేకు ఘనపు మీటరుకి సుమారు 650 కిలోలు కాబట్టి 37 కిలోలు వస్తుంది, బోల్టులతో కలిపి 40 అనుకోండి. పైన్ అయితే 30 చుట్టుపక్కల.

ఇక ర్యాకు సంగతి. ఆగి ఉన్న బండి మీద నలుగురు ఎక్కి నిలబడినా ఏం కాలేదని వీడియోలు తీసేవాళ్లుంటారు, దానికీ రోడ్డు మీద నడిచే బండికీ పోలికే లేదు. గతుకుల్లో బరువు ఎగిరెగిరి పడుతుంది, బ్రేక్ కొడితే ముందుకు తోస్తుంది. సామాను కట్టే లెక్కల్లో గట్టి బ్రేకుకి బరువులో 0.8 వంతు ముందుకు, మలుపులకి 0.5 వంతు పక్కకు తోస్తుందని పట్టుకుంటారు. అంటే పైన 100 కిలోలు ఉంటే 80 కిలోల బలం ర్యాకుని ముందుకు పడదోస్తుంది. ఇంట్లో కట్టిన చెక్క ర్యాకు మీద నేను 100 కిలోలు దాటనివ్వను. సిమెంటు బస్తాలు, టైల్స్ లాంటివి తొట్టి అడుగునే వేసుకోండి. ఎంత పైన పెడితే మలుపులో బండి అంతగా పక్కకి ఒరుగుతుంది.

ఏ చెక్క వాడాలి?

టేకు దొరికితే టేకు: నీళ్లకి, చెదలకి తట్టుకుంటుంది, పెద్దగా మెలితిరగదు. చేవ ఉన్న భాగమే తీసుకోండి, అంచున తెల్లగా ఉండేది త్వరగా పుచ్చిపోతుంది, అది టేకైనా సరే. పైన్ తేలిక, కోయడం సులువు, కానీ రంగో నూనో పట్టించకుండా ఒక్క వానాకాలం కూడా వదలొద్దు. మందు పట్టించిన పైన్ వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, ఆ మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది, అది మామూలు ఇనుప బోల్టుల్ని తినేస్తుంది. వాటికి మందంగా జింకు పూత ఉన్నవో స్టెయిన్‌లెస్‌వో వాడాలి. ఆ ముక్కలు, రంపపు పొట్టు పొయ్యిలో వేయకండి.

జాతి కన్నా ముఖ్యం, చెక్క ఆరిందా లేదా. పచ్చి చెక్క ఆరేటప్పుడు పొడుగులో దాదాపు తగ్గదు, వెడల్పులో మాత్రం బాగా తగ్గుతుంది. నూటికి 5 పాళ్లు తగ్గిందనుకున్నా 90 మి.మీ. పట్టీ 4 మి.మీ. పైగా సన్నబడుతుంది, మీరు ఒళ్లు విరిచి బిగించిన బోల్టు అప్పటికి గలగలమంటూ ఉంటుంది. అనుమానంగా ఉంటే ఒక ముక్క కోసి మూడు నాలుగు రోజులకోసారి తూకం వేయండి. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టే.

ముడుల సంగతి: చిన్నవి ఒకటి రెండు ఉంటే ఫర్వాలేదు, పైకి ఉండేలా తిప్పి పెట్టుకోండి. దూలం వంగినప్పుడు కింది అంచు సాగుతుంది, ముడి అక్కడ ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. చూపుడు వేలంత లావు ముడి అంచున ఉంటే ఆ పట్టీని దూలానికి వాడొద్దు.

మందం ఎంత ఉండాలి? నాలుగు అంగుళాల గుంజలే కావాలా?

అక్కర్లేదు. లావు చెక్క వేస్తే బలం అనుకోవడం అందరికీ ఉండే భ్రమే, నాకూ ఉండేది. టూ బై ఫోర్ అని అమ్మే చెక్క చిత్రిక పట్టాక 38 × 89 మి.మీ. ఉంటుంది, మామూలు ర్యాకుకి అది చాలు. కాకపోతే దాన్ని ఎలా పడుకోబెడుతున్నారన్నదే అసలు విషయం. అడ్డ దూలాన్ని పలకలా పరిస్తే ఒక లెక్క, అంచు మీద నిలబెడితే ఇంకో లెక్క. నిలబెడితే అదే చెక్క బలం 2.3 రెట్లు, వంగకుండా ఉండే గుణం అయిదున్నర రెట్లు పెరుగుతుంది. ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చు లేదు. నిలబెట్టిన దూలం పక్కకి పడిపోకుండా రెండు చివర్లా గట్టిగా పట్టి ఉంచాలి, అంతే.

అడ్డ దూలాలు మూడు పెట్టుకోండి. రెండే పెడితే పొడుగు పైపులు మధ్యలో వేలాడతాయి.

బండికి రంధ్రాలు వేయాలా?

వీలైనంతవరకు వద్దు. చాలా పికప్‌లకి తొట్టి అంచు పైన చతురస్రంగా, దీర్ఘచతురస్రంగా గుంతలు ఉంటాయి, గుంజలు దించడానికే పెట్టినవి అవి. మీ బండికి ప్లాస్టిక్ మూతలు వేసి ఉండొచ్చు, పీకి చూడండి. గుంజ కిందిభాగాన్ని ఆ గుంతకి తగ్గట్టు చెక్కి దించాలి. చెక్కేటప్పుడు తొందరపడకండి, ఒక మి.మీ. ఎక్కువ చెక్కితే ఊగుతుంది, తక్కువ చెక్కితే వాన పడ్డాక ఉబ్బి ఇరుక్కుంటుంది, మళ్లీ సుత్తి తప్ప దారి ఉండదు. నేను కాగితంతో గుంత కొలత తీసి, పనికిరాని ముక్క ఒకటి ముందు చెక్కి చూసుకుంటాను. గుంత అడుగున నీళ్లు పోయే దారి మూసుకుపోకుండా చూడండి.

గుంతలు లేని బండి అయితే తొట్టి లోపలి గోడని ఆనుకుని గుంజలు నేల వరకు దించి, పైఅంచుకి క్లాంపులతో పట్టించి, అడుగున నాలుగింటినీ కలుపుతూ చట్రం కట్టాలి. ఇంకా తప్పదనుకుంటే రంధ్రం వేయండి, వేసిన వెంటనే పచ్చి ఇనుము కనిపించే అంచుకి ప్రైమర్ పూయండి, రేపు పూద్దాం అనుకున్న రంధ్రం చుట్టూనే తుప్పు మొదలవుతుంది. చెక్కకీ బండి రేకుకీ మధ్య పాత ట్యూబు ముక్క రబ్బరు వేస్తే పెయింట్ బతుకుతుంది.

జాయింట్లు ఎలా వేయాలి?

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ర్యాకు నిలబడేదీ కూలేదీ ఇక్కడే. నా మొదటి ర్యాకుకి గుంజలు మూడున్నర అంగుళాల లావు, దూలాలూ అంతే, నలుగురు కలిసి మోయాల్సి వచ్చింది. ప్రతి మూలా ఒక బోల్టు, నాలుగేసి స్క్రూలు. చూడ్డానికి కోటలా ఉండేది. ఒక రోజు పైన నిచ్చెన, కొన్ని పైపులు, అంతా కలిపి అరవై కిలోలు కూడా లేవు, ఎదురుగా కుక్క వస్తే బ్రేక్ వేశాను. వెనక ఒక్కటే శబ్దం, గట్టిగా మూలిగినట్టు. దిగి చూస్తే ఒక్క చెక్క కూడా విరగలేదు. నాలుగు గుంజలూ కలిసికట్టుగా ముందుకు వాలి ఉన్నాయి, ర్యాకు పక్కనుంచి చూస్తే దీర్ఘచతురస్రం కాస్తా తోసేసిన అగ్గిపెట్టె డొప్పలా ఉంది. స్క్రూలు ఉన్నచోట చెక్క చీలి, బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉన్నాయి.

విషయం ఇది: నాలుగు కర్రల్ని నాలుగు మూలలా బోల్టులతో కలిపితే అది తలుపు కీలులా తిరుగుతుంది, చెక్క ఎంత లావైనా సరే. గుంజ గుంతలోకి దిగేది జానెడు కూడా ఉండదు, పైన ముప్పావు మీటరు ఉంటుంది. పైన తోసిన బలం కింద అయిదారు రెట్లై కూర్చుంటుంది. దీనికి మందు ఐమూలగా వేసే కర్ర. మూడు కర్రలు కలిపి త్రికోణం చేశారంటే అది వాలదు, వాలాలంటే కర్ర విరగాలి లేదా బోల్టు తెగాలి.

కాబట్టి రెండు పక్కలా, గుంజ నుంచి పొడుగు పట్టీకి, అంటే ముందు గుంజ తలనీ వెనక గుంజ తలనీ కలిపే చెక్కకి, 45 డిగ్రీల దగ్గరగా ఐమూల కర్ర వేయండి, కనీసం రెండడుగుల పొడుగు. ముందు గుంజలకి ఒకటి, వెనక గుంజలకి ఒకటి, ఎదురెదురు దిశల్లో. బ్రేకు ముందుకు తోస్తుంది, గేరు మార్చి లాగినప్పుడు వెనక్కి తోస్తుంది, రెండూ చూసుకోవాలి. వెడల్పువైపు కూడా కావాలి, అయితే అక్కడ కర్ర వేస్తే తొట్టిలోకి సామాను ఎక్కించడానికి అడ్డం వస్తుంది కాబట్టి మూలల్లో 12 మి.మీ. ప్లైవుడ్ త్రికోణాలు కోసి వేసుకోవచ్చు, ఒక్కోటి అడుగు పొడుగు అంచులతో. అవి కూడా బయటి వాడకానికి తట్టుకునే ప్లైవుడ్ అయి ఉండాలి, మామూలుది ఒక వానకే పొరలు పొరలుగా విడిపోతుంది.

రెండో ర్యాకుకి ఇవన్నీ వేశాను, చెక్క మాత్రం మొదటిదానిలో మూడో వంతు కూడా పట్టలేదు. ఒక్కడినే ఎత్తి పెట్టుకునేవాడిని.

సగం సగం చెక్కి ఒకదాంట్లో ఒకటి కూర్చోబెట్టే జాయింట్ మంచిది కాదా?

చివర్లలో మంచిదే, పొందికగా కూర్చుంటుంది. దూలం మధ్యలో మాత్రం వద్దు. బలం లోతు వర్గం మీద ఆధారపడుతుంది, సగం లోతు చెక్కేస్తే అక్కడ మిగిలేది పావు వంతు బలమే. అందులోనూ కింది అంచున గాటు పెట్టారంటే పగులుకి మీరే దారి చూపించినట్టు. అడ్డ దూలాన్ని పొడుగు పట్టీ మీద కూర్చోబెట్టి బోల్టు వేయడమే మేలు.

స్క్రూలా, బోల్టులా?

బరువు మోసే ప్రతిచోటా ఈ వైపు నుంచి ఆ వైపుకి వచ్చే బోల్టే. స్క్రూ చెక్క పోగుల్ని మాత్రమే పట్టుకుని ఉంటుంది, గతుకులకి అవి కొద్దికొద్దిగా నలిగి వదులవుతాయి. 10 మి.మీ. క్యారేజ్ బోల్టులు నాకు బాగా పనికొచ్చాయి, గుండ్రటి తల కింద చదరపు మెడ ఉంటుంది, అది చెక్కలో దిగబడి తిరగకుండా పట్టుకుంటుంది, తలమీద బట్టలు, తాళ్లు తగులుకోవు. నట్టు వైపు పెద్ద వాషర్ తప్పనిసరి, చిన్నది వేస్తే బిగించే కొద్దీ చెక్కలోకి కూరుకుపోతుంది. లోపల నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టు అయితే అదురుకి ఊడిపోదు.

రంధ్రం చెక్క చివరికి మరీ దగ్గరగా వద్దు. బోల్టు లావుకి ఏడు రెట్లు దూరం వదలడం పాత లెక్క, 10 మి.మీ. బోల్టుకి 70 మి.మీ. రెండు చెక్కల్నీ క్లాంపుతో కలిపి పట్టించి ఒకేసారి డ్రిల్ చేయండి, వెనక ఒక పనికిరాని ముక్క ఆనించండి, లేదంటే బిట్టు బయటికి వచ్చేచోట చెక్క పేలుతుంది.

ఫెవికాల్ లాంటి జిగురు వేస్తే ఇంకా బలం కదా?

ప్లైవుడ్ త్రికోణాలకి ఒక అంచున మాత్రం నీళ్లకి తట్టుకునే జిగురు వేసుకోండి, రెండో అంచుకి బోల్టే. మిగతావాటికి వద్దు, రేపు విప్పాలి.

ఎత్తు ఎంత పెట్టాలి?

బండి క్యాబిన్ పైకప్పు కన్నా నాలుగైదు వేళ్లు ఎత్తు, అంతే. ఇంకా ఎత్తు పెడితే గాలి, ఊపు, గేట్ల కింద దూరేటప్పుడు టెన్షన్, మూడూ పెరుగుతాయి. కొలిచేటప్పుడు బండిని చదునైన నేల మీద నిలిపి కొలవండి, కానీ గుంజల్ని రసమట్టం పెట్టి నిలబెట్టకండి, చాలా ఖాళీ పికప్‌లు వెనక కాస్త ఎత్తుగా ఉంటాయి. తొట్టి అంచుకి మూలమట్టం పెట్టి చూసుకోవాలి. నాలుగు మూలలు నిలబెట్టాక ఐమూల కొలతలు రెండూ తీయండి, రెండూ సమానంగా ఉంటేనే చట్రం సరిగ్గా ఉన్నట్టు, అప్పుడే బోల్టులు పూర్తిగా బిగించండి. వెనక డోర్ తెరుచుకుంటోందా, క్యాబిన్ పైన ఉన్న బ్రేక్ లైటు కనిపిస్తోందా కూడా చూడండి, కట్టాక చూసుకుంటే ఏడుపొస్తుంది.

రంగు వేయాలా, నూనె పెట్టాలా?

వార్నిష్ మొదట్లో మెరుస్తుంది, ఎండకి పగిలాక ఆ పగుళ్లలోంచి నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు. మళ్లీ వేయాలంటే మొత్తం గీకాలి. నేను కాచిన అవిసె నూనె పట్టిస్తాను, ఏడాదికోసారి గరుకు కాగితంతో ఒక రుద్దు రుద్ది మళ్లీ పట్టిస్తే సరిపోతుంది. ప్రైమర్ కొట్టి ఆయిల్ పెయింట్ వేసినా బాగానే ఉంటుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, ఆరేటప్పుడు వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో వేయండి.

అన్నిటికన్నా ముఖ్యం కోసిన చివరలు. చెక్క నీళ్లు తాగేది పక్కల నుంచి కన్నా చివర్ల నుంచే ఎన్నో రెట్లు ఎక్కువ. గుంతలోకి దిగే గుంజ అడుగు, దూలాల చివర్లు, బోల్టు రంధ్రాల లోపలి గోడలు, వీటన్నిటికీ బిగించడానికి ముందే రెండు మూడు సార్లు పూత వేయండి, అది పీల్చుకోవడం ఆపేదాకా.

పైన ప్లైవుడ్ షీట్లు వేసుకుని పోవచ్చా?

పోవచ్చు, కానీ మెల్లగా, గట్టిగా కట్టి. గంటకి 40 కి.మీ. దగ్గర ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకి 7, 8 కిలోల బరువంత ఉంటుంది, 80 దగ్గర అది 30కి చేరుతుంది. వేగం రెట్టింపైతే గాలి నాలుగు రెట్లు. 8 × 4 అడుగుల షీటు దాదాపు 3 చదరపు మీటర్లు, దాని ముందు అంచు ఒక్క అంగుళం లేచిందంటే గాలి కిందికి దూరి రెక్కలా ఎత్తేస్తుంది. ముందు అంచు మీద నుంచి తప్పకుండా ఒక బెల్టు పోవాలి, దాన్ని లాగి బండి ముందుభాగానికి కట్టాలి.

సామాను దేంతో కట్టాలి?

రాచెట్ బెల్టులతో. కనీసం రెండు అడ్డంగా, పొడుగు సామానైతే ముందూ వెనకా ఒక్కోటి. బెల్టు మీద రెండు అంకెలు రాసి ఉంటే చిన్న అంకెనే నమ్మండి, పెద్దది తెగిపోయే బరువు. బెల్టుల్ని ర్యాకుకి మాత్రమే కట్టి ఊరుకోకండి, ఒకటైనా తొట్టిలో ఉన్న ఇనుప కొక్కేలకి దిగాలి, అప్పుడు ర్యాకు ఊడినా సామాను ఎగిరి వెనకవాళ్ల మీద పడదు. బెల్టు గాలికి బుర్రుమని మోగుతుంటే దాన్ని ఒక మెలిక తిప్పి కట్టండి, ఆగిపోతుంది. బయల్దేరిన పది కిలోమీటర్లకి ఒకసారి ఆపి చేత్తో లాగి చూడండి, దాదాపు ప్రతిసారీ ఒకటి వదులై ఉంటుంది.

వెనక్కి పొడుచుకొచ్చే సామానుకి మీ ప్రాంతంలో ఎంతవరకు అనుమతి ఉందో చూసుకోండి, చివర ఎర్ర గుడ్డ, రాత్రైతే ఎర్ర లైటు కట్టండి.

పైన మనుషులు కూర్చోవచ్చా?

వద్దు.

అవసరం లేనప్పుడు తీసి పెట్టేయవచ్చా?

తీసేయడమే మంచిది, ఖాళీ ర్యాకు కూడా గాలికి అడ్డమే, డీజిల్ తాగుతుంది. తీసేలా కట్టాలంటే రెండు పక్క చట్రాలు విడివిడిగా, అడ్డ దూలాలు విడిగా ఉండాలి. ఐమూల కర్రలు పక్క చట్రాలతోనే ఉండిపోతాయి, దూలాలకి ఆరు బోల్టులు, మూలల త్రికోణాలకి నాలుగు విప్పితే మొత్తం గోడకి ఆనించి పెట్టుకోవచ్చు. ప్రతి చెక్క మీదా కుడి ముందు, ఎడమ వెనక అని మార్కర్‌తో రాసుకోండి, మనం చేసిందే అయినా మూడు నెలల తర్వాత ఏది ఎక్కడిదో గుర్తుండదు.

ఎన్నాళ్లు వస్తుంది? ఏం చూసుకోవాలి?

కట్టిన మొదటి నెల వారానికోసారి అన్ని నట్లూ బిగించండి, చెక్క సర్దుకుంటుంది. తర్వాత రెండు మూడు నెలలకోసారి, వానాకాలం ముందూ వెనకా తప్పకుండా. చూడాల్సింది పైన కాదు, గుంజలు గుంతల్లోంచి బయటికి వచ్చేచోట. నా మూడో ర్యాకు నాలుగో ఏట ఎడమ వెనక గుంజ అక్కడ కాస్త నల్లబడి కనిపించింది, పైనుంచి చూస్తే మరకే అనుకుంటాం. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే తడి కేకులో దిగినట్టు అర అంగుళం దిగింది. పీకి చూస్తే గుంత అడుగున ఆకులు పేరుకుపోయి నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ గుంజ ఒక్కటీ మార్చాను, మిగతా మూడింటినీ పొడిచి చూస్తే మొన దిగలేదు, వాటితోనే ఇప్పటికీ నడుస్తోంది.